ట్రైప్లై కడాయిలో దొండకాయ వేపుడంతా అడుక్కి అతుక్కుపోయింది, తప్పు కడాయిదా నాదా?

కొత్తకాపురం_పటమట
అందరికీ నమస్తే అండి. ఇక్కడ చాలా రోజుల్నుంచి చదువుతున్నా గానీ రాయడం ఇదే ఫస్ట్. మాది పటమట, పెళ్లయి ఆరు నెలలు. నాన్‌స్టిక్ పెనం పూత లేచిపోతోంది అదంతా కడుపులోకే పోతోందని మా ఆయన ఒకటే గోల, సరేనని పోయిన ఆదివారం బీసెంట్ రోడ్డుకెళ్లి 24 సెంటీమీటర్ల ట్రైప్లై స్టీలు కడాయి తెచ్చుకున్నాం, రెండు వేల పైనే అయింది. సోమవారం దొండకాయ వేపుడు చేశా. నూనె పోసి ముక్కలేసి ఒక్క ఐదు నిమిషాలు ఫోన్ మాట్లాడి వచ్చేసరికి ముక్కలన్నీ అడుగున అంటుకుపోయాయి, అట్లకాడతో లాగితే పైన కాయ వచ్చింది తొక్క అక్కడే ఉండిపోయింది. గోధుమరంగు మాడు ఇంకా వదల్లేదు, నానబెట్టే ఉంచా. మా అత్తగారు ఏమీ అనలేదు గానీ పక్కకి తిరిగి నవ్వుకున్నారు, అది ఇంకా బాధ. వెనక్కిచ్చేయాలా, లేక నాకే చేతకావట్లేదా?

నిద్రపట్టని_ఇంజినీరు
ముందు ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం తీసి కడాయికి పెట్టి చూడండి. అంటుకుందంటే డూప్లికేట్ స్టీలు అంటగట్టినట్టే. ఒరిజినల్‌కి అంటుకోదు. సింపుల్.

కొత్తకాపురం_పటమట
అయ్యో పెట్టానండి. బయట టపీమని అంటుకుంది, లోపల కూడా కొంచెం లాగుతోంది. మోసపోయామా అయితే?? బిల్లు ఉంది, రేపే వెళ్తాం.

మిర్చియార్డు_మావ
ఆగమ్మాయ్ ఆగు, అప్పుడే బండి తీయకు. మన వెల్డరన్న వచ్చి చెప్పేదాకా ఆగు.

ఆటోనగర్_వెల్డర్
ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చా. అమ్మా మీరు మోసపోలేదు, కడాయి వెనక్కివ్వద్దు. ఈ అయస్కాంతం కథ నేను వారానికోసారి వింటా. హోటళ్లకి సింకులు టేబుళ్లు ఇడ్లీ పాత్రలు చేసే పని మాది, 19 ఏళ్ల నుంచి ఈ రేకుతోనే బతుకు, కాస్త ఓపిగ్గా చదవండి.

స్టీలంటే ఇనుమే, అందులో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే తుప్పు పట్టదు, ఎందుకంటే ఆ క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పొరలాగా పైన పరుచుకుంటుంది, గీత పడ్డా మళ్లీ తనే కప్పుకుంటుంది. మనం వంటకి మంచిదనే 304 గ్రేడు స్టీలులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, అందుకే అట్టపెట్టె మీద 18/8 అని వేస్తారు. ఆ నికెల్ వల్లే దానికి అయస్కాంతం అంటుకోదు. 430 అని ఇంకోటుంది, అందులో నికెల్ లేనట్టే, దానికి అంటుకుంటుంది. అంతమాత్రాన అది దొంగ సరుకు కాదు. అసలు గొడవంతా 202 తో. నికెల్ ఖరీదు కదా, అది తగ్గించి మాంగనీసు కలుపుతారు, రేటు బాగా తగ్గుతుంది, తుప్పుని తట్టుకోవడమూ తగ్గుతుంది. ఇప్పుడు చూడండి తమాషా, ఆ 202 కి కూడా అయస్కాంతం అంటుకోదు. అంటే మన ఇంజినీరుగారి టెస్టులో చవక సరుకు పాసైపోయి మీ మంచి కడాయి ఫెయిలైంది.

ట్రైప్లై అంటే మూడు రేకులు ఒకదానికొకటి అతికించి నొక్కింది. లోపల కూర తగిలేది 304, మధ్యలో అల్యూమినియం, బయట 430. బయట అయస్కాంతం లాగే రేకు లేకపోతే ఇండక్షన్ స్టవ్వు ఆ కడాయిని గుర్తే పట్టదు, కావాలనే పెడతారు. లోపల్నించి కొంచెం లాగుతోందన్నారు చూడండి, అది ఆ బయట రేకే లాగుతోంది.

నిద్రపట్టని_ఇంజినీరు
మరి 202 అని కనిపెట్టడం ఎలా అన్నా, కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి కదా. మా ఇంట్లో ఇన్నాళ్లూ అయస్కాంతం పెట్టే కొన్నాం.

ఆటోనగర్_వెల్డర్
కంటికి తెలీదు బాబూ, నాకే తెలీదు. పాత సామాను కొనే కొట్లలో చిన్న సీసాలో మందు ఉంటుంది, ఒక చుక్క వేసి బ్యాటరీ ముట్టిస్తే 200 సిరీస్ అయితే ఎర్రబడుతుంది. ఇంటికి అదంతా ఎందుకు, గిన్నె మీద గ్రేడు కొట్టి ఉందా, ఐఎస్ఐ ముద్ర కింద ఐఎస్ 14756 అని నంబరుందా చూసుకోండి, స్టీలు వంట సామానుకి అదే నంబరు. ఇంకోటి, 304 రేకుని కూడా ప్రెస్సులో ఒత్తి గిన్నెగా లాగినప్పుడు అంచుల దగ్గర, వంపుల దగ్గర అయస్కాంతం కాస్త లాగుతుంది. అక్కడ పెట్టి చూసి గొడవపడొద్దు.

గొల్లపూడి_గ్యాస్‌బండ
గ్రేడుల సంగతి పక్కన పెట్టండి గురూ, మందం చూడాలి మందం. పోయినేడాది ఒక కొట్టువాడు (పేరెందుకులే) అచ్చం ఇలాంటిదేనని నాకు శాండ్‌విచ్ బాటమ్ గిన్నె ఇచ్చాడు. అంటే అడుగున ఒక్క బిళ్ల మాత్రమే మందంగా ఉంటుంది, అల్యూమినియం అందులోనే, పక్క గోడలు మామూలు పల్చటి రేకు. చిన్న బర్నర్ మీద బాగానే ఉంది. పెద్ద బర్నర్ మీద పెట్టానా, మంట బిళ్ల దాటి గోడల మీదికి ఎగబాకింది, సాంబారు మధ్యలో బాగుంది చుట్టూ మాత్రం గాజు పెట్టినట్టు నల్లటి వలయం. రెండు నెలలు అదే తంతు. తర్వాత అర్థమైంది, ఆ బిళ్ల ఎంతుందో మంట అంతకి మించకూడదని. సాంబారుకి రసానికి పాలకి అది చాలు, వేపుళ్లకి మాత్రం ట్రైప్లైనే.

బ్రాడీపేట_4/7
గేజీ గురించి కూడా చెప్పండి అన్నా, గుంటూరులో కొట్లో అడిగితే 22 గేజీ అంటే ఎక్కువ కదా మందం అన్నాడు మా ఆయన 😀

ఆటోనగర్_వెల్డర్
తిరగేసి చదవాలమ్మా. నంబరు పెరిగితే రేకు పల్చబడుతుంది. 22 కంటే 20 మందం, 20 కంటే 18 మందం. నీళ్లు కాచుకోడానికీ, ఉప్పు పప్పు డబ్బాలకీ 22 చాలు. వంటకి ఒట్టి స్టీలు రేకు ఎంత మందమైనా అంతంతే, ఎందుకంటే స్టీలు వేడిని పక్కకి పాకించదు, మంట తగిలినచోటే కాగి కూర్చుంటుంది. అల్యూమినియం పది రెట్ల పైనే జోరుగా పాకిస్తుంది, రాగి ఇంకా జోరు. అందుకే ఆ మధ్య పొర.

ఇడ్లీ_బండి
ఇంకా ఎవరూ అసలు ప్రశ్నకి జవాబు చెప్పలేదు, పాపం ఆ అమ్మాయి కడాయి నానబెట్టుకుని కూర్చుంది. నేను చెప్తా.

అమ్మాయ్, నువ్వు చల్లటి కడాయిలో చల్లటి నూనె పోసి ముక్కలేశావు. ఔనా? స్టీలు వేడెక్కకముందు ఏమేసినా పట్టుకుంటుంది. ఇలా చెయ్యి. ఖాళీ కడాయి మధ్యస్తం మంట మీద పెట్టు, హైలో వద్దు. రెండు మూడు నిమిషాలు. చేతి వేళ్లు తడిపి ఒక్క చుక్క విదిలించు. చుర్రుమని అక్కడికక్కడే ఇగిరిపోయిందంటే ఇంకా కాగలేదు. ఇంకాసేపాగి మళ్లీ చుక్క వెయ్యి. ఈసారి చుక్క పగలకుండా గోళీలాగా గుండ్రంగా అయి కడాయంతా పరిగెడుతుంది చూడు, తామరాకు మీద నీటిబొట్టులాగా, అప్పుడు కాగినట్టు. చుక్క కింద ఆవిరి దిండులాగా ఏర్పడి దాన్ని పైకి లేపుతుంది, అందుకే తేలుతుంది. ఆ నీళ్లు గుడ్డతో తుడిచెయ్, మంట సిమ్ములోకి తగ్గించు, అప్పుడు నూనె పొయ్యి, ఒకసారి చుట్టూ తిప్పు, నూనె అలల్లాగా కదుల్తుంది. ఇప్పుడు ముక్కలు.

వేశాక కెలక్కు! అదే అందరూ చేసే తప్పు. రెండు నిమిషాలు వదిలెయ్. అడుగు ఎర్రబడ్డాక ముక్క తనంతట తనే ఊడొస్తుంది, అంతకుముందు లాగావా తొక్క అక్కడ కాయ ఇక్కడ. ఇంకా రెండు సంగతులు, ముక్కలు కడిగాక గుడ్డ మీద ఆరబెట్టు, తడి ఉంటే కడాయి చప్పున చల్లబడుతుంది. ఉప్పు చివర్లో వెయ్యి, ముందే వేస్తే నీరూరి వేపుడు కాస్తా ఉడుకుడు కూరవుతుంది.

తాలింపు మాత్రం ఆ చుక్క పరిగెత్తే వేడి మీద పెట్టకు, ఆవాలు చిటపటలాడే టైము కూడా ఉండదు, నల్లగా మాడతాయి, మిరపకాయ ఘాటుకి అపార్ట్‌మెంటంతా దగ్గుతుంది.

మిర్చియార్డు_మావ
ఆ చివరిది అనుభవం మీద చెప్పినట్టుందే 😂

ఇడ్లీ_బండి
మా వీధి వీధంతా అనుభవం మావా.

పాత_ఇత్తడి
పిల్లలూ, పెద్దదాన్ని నేనూ రెండు మాటలు చెప్తాను. ముందు ఆ మాడు సంగతి చూడమ్మా. పీచుతో రుద్ది చేతులు నొప్పి పెట్టుకోకు. కడాయిలో మాడు మునిగేదాకా నీళ్లు పోసి రెండు చెంచాల వంటసోడా వేసి పొయ్యి మీద పది నిమిషాలు మరగనివ్వు, చల్లారాక చెక్క గరిటెతో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది. ఇంకా మొండికేస్తే రాత్రంతా అలా ఉంచు. ఇనప పీచు మాత్రం ముట్టకు, అందులోంచి సన్నటి ఇనప రవ్వలు విరిగి గిన్నెకి అంటుకుంటాయి, రెండ్రోజులకి అవి తుప్పు పట్టి గిన్నె తుప్పు పట్టిందని ఏడుస్తాం. కొబ్బరి పీచే మేలు.

నేను చేసిన వెధవ పని కూడా చెప్తా. నా పెళ్లి 1984లో. మా నాన్న వన్ టౌన్‌లో స్టీలు సామానంతా తూకం వేయించి తెచ్చాడు, ఒక గుండిగ, మూడు తపేలాలు, డజను కంచాలు, ఇంకా ఏవో. అన్నిటి మీదా మా అమ్మ పేరు కొట్టించాడు, అక్షరాలు గీతలు కావు, చిన్న చిన్న చుక్కలు పేర్చినట్టుంటాయి. గుండిగ మీద కొట్టేవాడు ఒక కొమ్ము మర్చిపోయాడు, ఇప్పటికీ మా మనవరాలు అది చూసి నానమ్మా మీ అమ్మ పేరేంటి ఇలా ఉంది అని నవ్వుతుంది. ఆ గుండిగలో నాలుగేళ్ల కిందట తెల్లటి పరుపు దుప్పట్లు బ్లీచింగు నీళ్లలో వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే అడుగున సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు, ఎంత తోమినా పోవు. ముప్పై అయిదేళ్ల పైన ఏమీ కాని గుండిగ ఒక్క రాత్రిలో పాడైంది. స్టీలుకి ఏమీ కాదనుకోవడమే పొరపాటు.

ఆటోనగర్_వెల్డర్
పెద్దమ్మగారూ కరెక్టుగా చెప్పారు. అది క్లోరిన్ పని. ఇందాక చెప్పానే కనపడని పొర అని, దానికి క్లోరైడంటే పడదు, అక్కడక్కడ పొరని కొరికి లోపలికి గుంట తవ్వుతుంది. ఉప్పులోనూ అదే ఉంది. అందుకే చల్లటి నీళ్లలో ఉప్పు వేసి వదిలేయకూడదు, గింజలు అడుగుకి చేరి కూర్చున్నచోట గుంట పడుతుంది. నీళ్లు మరిగాక వేస్తే వెంటనే కరిగిపోతుంది, పేచీ లేదు. సముద్రం పక్కన పనులకి 316 అడుగుతారు, అందులో మాలిబ్డినం రెండు మూడు శాతం కలుస్తుంది, ఇలాంటి గుంటల్ని బాగా తట్టుకుంటుంది. ఇంట్లోకి అక్కర్లేదు, ఎవరైనా 316 అని డబుల్ రేటు చెప్తే నవ్వేసి రండి.

మిర్చియార్డు_మావ
అయితే మా ఇంట్లో ఆవకాయ స్టీలు డబ్బాలో పెట్టి మూడు నెలలకి డబ్బా లోపల మచ్చలు పడ్డది ఇందుకేనన్నమాట! నేను మిరపకాయల ఘాటు అనుకుని గర్వపడ్డానే.

పాత_ఇత్తడి
ఆవకాయ జాడీలోనే ఉండాలయ్యా. స్టీలు గిన్నెలోకి వారానికి సరిపడా తీసుకో, తప్పులేదు. గోంగూర, చింతపండు పులుసు కూడా వండేదాకా బానే ఉంటాయి, వండినదాన్ని రెండ్రోజులు అందులోనే మగ్గబెట్టకు. అదే ఇత్తడి గిన్నె అయితే కళాయి పూత పోయాక పులుసు పెడితే చిలుం పట్టి వాంతులే, దాని ముందు స్టీలు దేవత.

బ్రాడీపేట_4/7
పిన్నీ మాకు వేరే బాధ. బోరు నీళ్లు కదా, గిన్నెలు తోమి బోర్లిస్తే ఆరాక లోపల తెల్లటి మచ్చలు, సుద్ద రాసినట్టు. పాలగిన్నె అయితే మరీ ఘోరం. ఇంకా కొత్త కడాయిలో నీలం, ఊదా, పసుపు రంగులు, పెట్రోలు నీళ్ల మీద పడితే వస్తాయే అలాగ. నా ఫ్రెండు ఆ స్టీలు మంచిది కాదు పారెయ్ అంది.

పాత_ఇత్తడి
పారేయడమేంటి తల్లీ, అంత డబ్బు పోసి! ఆ తెల్లటిది నీళ్లలో సున్నం. నిమ్మచెక్క పిండేశాక పారేస్తాంగా, దాంతోనే రుద్దు, పోతుంది. లేదా నాలుగు చెంచాల వెనిగర్ నీళ్లలో కలిపి కాసేపు కాచి పారబోయి. తోమాక ఆరబెట్టకుండా వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే మచ్చే రాదు, కానీ అంత ఓపిక ఎవరికుంది, నాకూ లేదు. పాలు అడుగంటకుండా ఉండాలంటే ముందు గిన్నెని చల్లటి నీళ్లతో తొలిచి ఆ తడి మీదే పాలు పొయ్యి.

ఆటోనగర్_వెల్డర్
రంగులు కూడా అంతే అమ్మా, ఎక్కువ వేడి తగిలితే ఆ క్రోమియం పొర కాస్త మందమవుతుంది, వెలుతురు దాని మీద పడి రంగులుగా కనిపిస్తుంది. వెల్డింగు పక్కన మాకు రోజూ కనిపించేదే. నిమ్మరసమో వెనిగరో రాస్తే పోతుంది, పోకపోయినా వంటకి ఏమీ కాదు. కాకపోతే ఖాళీ కడాయిని ఎక్కువసేపు పెద్ద మంట మీద ఉంచుతున్నారని దాని అర్థం, అది చూసుకోండి.

నిద్రపట్టని_ఇంజినీరు
ఒప్పుకుంటున్నా, అయస్కాంతం మళ్లీ ఫ్రిజ్‌కి పెట్టేశా. చదివితే ఈ స్టీలు 1913లో ఇంగ్లండు షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోతున్నాయని కొత్త లోహం కోసం తంటాలు పడుతుంటే దొరికిందట. తుపాకులకి వెతికితే మనకి టిఫిన్ క్యారేజీలు వచ్చాయి. ఇంకో డౌటు, కొత్త గిన్నెలో దూదితో నూనె రాసి తుడిస్తే నల్లగా వస్తోంది, అది విషమా?

ఆటోనగర్_వెల్డర్
పాలిషు పట్టే ముద్ద తాలూకు మడ్డి. నూనె రాసి పేపరుతో రెండుమూడు సార్లు తుడిచి, వేడినీళ్లు సబ్బుతో తోమి, ఒకసారి వెనిగర్ నీళ్లు కాచి పారబోయండి. నలుపు రావడం ఆగేదాకా చెయ్యాలి. ఇంట్లో ఎవరికైనా నికెల్ పడకపోతే, అంటే చవక చెవిపోగులు పెడితే చెవులు పుండ్లు పడేవాళ్లు, కొత్త గిన్నెల్లో మొదటి కొన్నిసార్లు పులుపు వండకుండా ఉంటే మంచిది, వాడే కొద్దీ నికెల్ దిగడం తగ్గుతుంది.

గొల్లపూడి_గ్యాస్‌బండ
మరి అట్లు? ఈ కడాయితో పాటు ట్రైప్లై అట్ల పెనం కూడా అమ్ముతున్నారు, తీసుకోనా?

ఇడ్లీ_బండి
వద్దు సామీ. స్టీలు మీద అట్టు పొయ్యొచ్చని వీడియోల్లో చూపిస్తారు, మొదటిది అతుక్కుంటుంది రెండోది చిరుగుతుంది మూడోదానికి ఇంట్లోవాళ్లు లేచెళ్లిపోతారు. అట్టుకి ఇనప పెనమే, ఉల్లిపాయ చెక్కతో నూనె రుద్దుకుంటూ పోవాలి. నేను స్టీలు వాడేది సాంబారుకి, చట్నీకి, ఇడ్లీ పాత్రకి. అన్నీ ఒకే సెట్టులో కొనాలని ఎవడు చెప్పాడు?

మిర్చియార్డు_మావ
సెట్టంటే గుర్తొచ్చింది, పాత బట్టలకి స్టీలు సామానిచ్చే ఆవిడ మొన్న మా వీధికొచ్చింది. మా ఆవిడ మూడు చీరలు రెండు ప్యాంట్లు ఇచ్చి బేసిన్ అడిగితే ఇంకో జరీ చీర వేస్తేగానీ ఇవ్వనంది. అరగంట బేరం. చివరికి బేసిన్ కాదు, టీ వడబోసే జల్లెడ వచ్చింది. ఆ ప్యాంట్లలో ఒకటి నాది, ఇంకా వాడుతున్నదే.

మోడరేటర్
మావా టాపిక్కు దాటుతోంది 🙂 ప్యాంటు గురించి వేరే చర్చ మొదలెట్టుకోండి.

కొత్తకాపురం_పటమట
అందరికీ థాంక్సండీ, రెండ్రోజులు ఊళ్లో లేను, ఇప్పుడే అంతా చదివా. పాత_ఇత్తడి అమ్మమ్మగారూ, వంటసోడా వేసి మరగబెట్టా, నిజంగానే పొరలుగా లేచింది, ఒక్క మూల మొండిగా ఉంటే రాత్రంతా ఉంచి పొద్దున కొబ్బరి పీచుతో తీశా. కడాయి మళ్లీ కొత్తదానిలా ఉంది, అడుగున కొంచెం ఊదారంగు ఉంది గానీ వదిలేశా.

ఇవ్వాళ మళ్లీ దొండకాయే తెచ్చా, పంతం. ముక్కలు పాత తువ్వాలు మీద ఆరబెట్టా. కడాయి పెట్టి చుక్క వేస్తే చుర్రుమంది. ఇంకోటి, మళ్లీ చుర్రు. నాలుగోసారి చుక్క ఠక్కున గోళీ అయి ఈ అంచు నుంచి ఆ అంచుకి పరిగెత్తింది, నేను కేకేశా, మా ఆయన ఏమైందోనని బాత్రూంలోంచి పరిగెత్తుకొచ్చాడు. మంట తగ్గించి నూనె పోసి ముక్కలేసి చేతులు కట్టుకుని నిలబడ్డా, కెలకాలని చెయ్యి దురద. రెండు నిమిషాలాగి ఒక ముక్క కదిపితే జారింది! మొత్తమ్మీద పది పన్నెండు ముక్కలు మాత్రం అంటుకున్నాయి, అవి మధ్యలో ఒకదాని మీద ఒకటి పడ్డవి, ఎక్కువ వేసేశాననుకుంటా. మిగతాదంతా ఎర్రగా వచ్చింది.

రాత్రి కోడిగుడ్డు అట్టు కూడా ట్రై చేశా, అది మాత్రం సగం పళ్లెంలోకి సగం కడాయికి.

ఇడ్లీ_బండి
గుడ్డుకి తొందరపడ్డావు. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా కొట్టావా? పావుగంట బయట పెట్టు, నూనె ఇంకో చెంచా పొయ్యి, అంచులు వాటంతట అవే లేచేదాకా ముట్టుకోకు. గుడ్డంత మొండిగా స్టీలుకి అతుక్కునేది ఇంకోటి లేదు, అది నెలరోజుల పాఠం.

పాత_ఇత్తడి
మీ అత్తగారు ఏమన్నారమ్మా?

కొత్తకాపురం_పటమట
రెండోసారి వడ్డించుకున్నారు అమ్మమ్మగారూ. తిన్నాక కడాయి తిరగేసి చూసి, దీని మీద పేరు కొట్టించలేదేంటే అన్నారు. ట్రైప్లై మీద కొట్టిస్తే మధ్య పొరకి ఏమైనా అవుతుందా వెల్డరన్నా?

ఆటోనగర్_వెల్డర్
పైపైన చుక్కలే కదమ్మా, మధ్య పొర దాకా పోదు. కానీ అడుగు మీద వద్దు, మంట తగిలేచోటు. చెవి పక్కన, అంచు కింద కొట్టించండి. కొట్టేవాడికి పేరు నోటితో చెప్పకుండా కాగితం మీద రాసివ్వండి, కొమ్ములూ గుడులతో సహా.

పాత_ఇత్తడి
😂 ఆ మాట మా నాన్నకి 1984లో చెప్పాల్సింది.